నిమిషానికా, గంటకా, సెకనుకా?

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లెటూరు. చెన్నైలో రేడియోథెరపీ (రేడియేషన్‌తో క్యాన్సర్ చికిత్స) టెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొన్న ఇంటర్నల్స్‌లో ఒక లెక్క ఇచ్చారు. కోబాల్ట్ మెషిన్ డోస్ రేటు నిమిషానికి 150 సెంటీగ్రే, దాన్ని గంటకు ఎన్ని గ్రేలో రాయాలి. నేను 0.025 అని రాశాను. సున్నా వచ్చింది. సార్ నా పేపర్ క్లాసందరికీ చూపించి, "ఇలాంటి వాళ్ళ చేతికి పేషెంట్‌ని ఇస్తే ఏమవుతుంది?" అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. పోస్టింగ్‌కు వెళ్తే రేడియేషన్ కొలిచే పాత సర్వే మీటర్ మీద గంటకు మిల్లీరాంట్‌జెన్ అని, కొత్తదాని మీద మైక్రోసీవర్ట్ అని, నోట్స్‌లో మైక్రోగ్రే అని ఉంటుంది. మూడూ ఒకటేనా? హాస్టల్లో ఫ్రెండ్స్ "వందతో భాగించెయ్, అంతే" అంటారు. ఎప్పుడు భాగించాలో, ఎప్పుడు గుణించాలో నాకు గుర్తుండటం లేదు. ఈ కోర్సు నా వల్ల అవుతుందా?
ఒక విద్యార్థిని, చెన్నై

సమాధానం: అమ్మా, ముందు నీ 0.025 సంగతి చూద్దాం. అది గాలిలోంచి వచ్చిన అంకె కాదు. 150 సెంటీగ్రేలంటే 1.5 గ్రే. దాన్ని 60తో భాగిస్తే 0.025. అంటే నువ్వు కనుక్కున్నది సెకనుకు ఎన్ని గ్రేలో. పక్కన "సెకనుకు" అని రాసి ఉంటే ఆ అంకె అక్షరాలా సరైనదే. నువ్వు "గంటకు" అని రాశావు. గంటకు కావాలంటే 1.5ను 60తో గుణించాలి, 90 గ్రే వస్తుంది. సెంటీగ్రేని గ్రేగా మార్చడం నీకు వచ్చు, నిమిషంలో 60 సెకన్లని తెలుసు, గంటలో 60 నిమిషాలనీ తెలుసు. తికమక పడింది ఒక్క చోటే, గుణించాలా భాగించాలా అన్న చోట. చాలామంది అక్కడే తడబడతారు. దానికి కారణం ఉంది.

డోస్ రేటు అంటే ఇంత సమయంలో ఇంత రేడియేషన్ అని చెప్పేది. అందులో రెండు కొలతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన డోస్, కింద సమయం. ఈ రెండూ ఎదురెదురు దారుల్లో నడుస్తాయి. పైది మీ పొలం లెక్క. మీ వైపు ఎకరానికి వంద సెంట్లు. 150 సెంట్ల చేను ఉంటే ఎకరాల్లో ఎంత అంటే ఒకటిన్నర అని చెప్తావు. కొలత పెద్దదైంది, అంకె చిన్నదైంది. గ్రేకి వంద సెంటీగ్రేలు కాబట్టి ఇక్కడా అదే జరిగింది. కిందిది కూలి లెక్క. మిర్చి కోతకు రోజుకు 500 కూలి అనుకో. నెలకు ఎంత అని మీ అమ్మని అడిగితే కాగితం పట్టకుండానే 30తో గుణించి 15,000 అంటుంది. ఎవరూ 500ను 30తో భాగించి నెలకు పదహారు రూపాయలు చిల్లర అనరు. ఇక్కడ కాలం పెద్దదైంది, అంకె కూడా పెద్దదైంది. నీ లెక్కలో ఈ రెండు మార్పులూ ఒకేసారి వచ్చాయి. సెంటీగ్రే నుంచి గ్రేకి వెళ్ళేటప్పుడు భాగించావు, ఆ చేత్తోనే నిమిషం నుంచి గంటకు వెళ్ళేటప్పుడూ భాగించావు. కాబట్టి రెండు మార్పులూ ఒకే లైన్‌లో చెయ్యకు. మొదటి లైన్‌లో డోస్ మాత్రం మార్చు: నిమిషానికి 150 సెంటీగ్రే, అంటే నిమిషానికి 1.5 గ్రే. రెండో లైన్‌లో సమయం మాత్రం మార్చు: నిమిషానికి 1.5 గ్రే, అంటే గంటకు 90 గ్రే. ప్రతి లైన్‌లోనూ అంకె పక్కన పూర్తి కొలత రాయాలి. ఒట్టి అంకెను తర్వాతి లైన్‌కు దింపకూడదు.

జవాబు వచ్చాక దాన్ని మంచం మీద పడుకున్న మనిషి దగ్గరికి తీసుకెళ్ళి చూడాలి. మామూలుగా ఒక ఫ్రాక్షన్‌కు, అంటే ఒక విడత చికిత్సకు, 2 గ్రే ఇస్తాం. నిమిషానికి 1.5 గ్రే వచ్చే చోట 2 గ్రే ఇవ్వడానికి 80 సెకన్లు పడుతుంది. (గడ్డ లోతు, కిరణాలు పడే మేర లెక్కలు ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.) నువ్వు రాసిన ప్రకారం గంటకు 0.025 గ్రే అయితే ఆ 2 గ్రే ఇవ్వడానికి 80 గంటలు పట్టాలి. అంటే మనిషి మూడు రోజులకు పైగా ఆ మెషిన్ కింద కదలకుండా పడుకోవాలి. నువ్వు పోస్టింగ్‌లో రోజూ చూస్తున్నావు, ఒక్కొక్కరు లోపలికి వెళ్ళి ఎంతసేపట్లో బయటికి వస్తున్నారో. ఆ గది తలుపు దగ్గర నిలబడి చూసిన జ్ఞానం పరీక్ష హాల్లో నీ పక్కనే ఉండాలి. ఫార్ములా మర్చిపోవచ్చు, ఇది మర్చిపోవడం కష్టం.

సమయం దగ్గర జరిగే తప్పు మార్కులతో ఆగదని చెప్పడానికి ఒక నిజమైన సంగతి రాస్తాను. 1996లో కోస్టారికా రాజధాని శాన్ హోసేలో ఒక కోబాల్ట్ మెషిన్‌కు కొత్త సోర్స్, అంటే రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్, వేశారు. కొత్త సోర్స్ వేస్తే డోస్ రేటు మళ్ళీ కొలవాలి. కొలిచేటప్పుడు టైమర్ 0.3 నిమిషం మీద ఉంది. అంటే 18 సెకన్లు. దాన్ని 30 సెకన్లుగా తీసుకున్నారు. 18 సెకన్లలో వచ్చిన డోస్‌ను 30 సెకన్లకు పరిచేసరికి డోస్ రేటు అసలుకన్నా తక్కువగా కనిపించింది. మెషిన్ బలహీనంగా ఉందనుకుని ప్రతి రోగినీ ఎక్కువసేపు ఉంచారు. వందమందికి పైగా రోగులకు ఇవ్వాల్సినదానికి ఒకటిన్నర రెట్లు, అంతకన్నా ఎక్కువ డోస్ పడింది. కొందరి ప్రాణాలు పోయాయి. అక్కడ పనిచేసినవాళ్ళకు నిమిషానికి ఎన్ని సెకన్లో తెలియక కాదు. ఒక దశాంశ బిందువు దగ్గర కన్ను పొరబడింది, దాన్ని రెండో మనిషి సరిచూడలేదు. మీ సార్ అడిగిన ప్రశ్నకు అసలైన జవాబు ఇది. దాన్ని క్లాసు ముందు నిన్ను నిలబెట్టి అడగడం మాత్రం నాకు నచ్చలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తే పిల్లలు జాగ్రత్తపడతారు. సిగ్గుపడేలా చేస్తే తప్పును దాచడం నేర్చుకుంటారు. రేడియోథెరపీలో దాచిన తప్పు అన్నిటికన్నా ప్రమాదం.

ఇప్పుడు "వందతో భాగించెయ్" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 1953 నుంచి శరీరం పీల్చుకున్న డోస్‌ను ర్యాడ్‌లలో కొలిచేవారు. 1975లో గ్రే వచ్చింది. ఒక కిలో పదార్థంలో ఒక జౌల్ శక్తి ఇంకితే ఒక గ్రే. లండన్ దగ్గరి మౌంట్ వెర్నాన్ ఆస్పత్రిలో పనిచేసిన బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే పేరు అది. గడ్డలో ఆక్సిజన్ తక్కువగా ఉంటే రేడియేషన్ సరిగా పనిచెయ్యదని చూపించిన వాళ్ళలో ఆయన ముఖ్యుడు. నువ్వు రెండో ఏడాది కాబట్టి రేడియోబయాలజీలో ఆయన పేరు మళ్ళీ తగులుతుంది. ఒక గ్రేకి వంద ర్యాడ్‌లు. అంటే ఒక ర్యాడ్, ఒక సెంటీగ్రే సరిగ్గా ఒకటే. అందుకే కొత్త కొలత వచ్చాక డాక్టర్లు సెంటీగ్రేని పట్టుకున్నారు. నిన్నటి దాకా 200 ర్యాడ్ రాసిన చేత్తో 200 సెంటీగ్రే రాస్తే చాలు, అంకె మారదు, రోగికి ప్రమాదం లేదు. చాలా చార్టుల్లో ఇప్పటికీ సెంటీగ్రేలు కనిపించడం వెనక ఉన్నది ఆ జాగ్రత్తే. కాబట్టి ర్యాడ్‌ని గ్రేగా మార్చేటప్పుడు వందతో భాగించడం సరైనదే. కానీ మీ ఫ్రెండ్స్ దాన్ని అన్నిటికీ వాడుతున్నారు. ర్యాడ్‌ని సెంటీగ్రేగా మార్చడానికి దేనితోనూ భాగించక్కర్లేదు. గంటకు ఒక మిల్లీర్యాడ్‌ని మైక్రోగ్రేలలో రాయాలంటే పదితో గుణించాలి, గంటకు 10 మైక్రోగ్రే వస్తుంది. వందతో భాగిస్తే 0.01 మిల్లీగ్రే వస్తుంది, అదీ ఇదే. కానీ ఆ 0.01 పక్కన తొందరలో మైక్రో అని రాశావంటే వెయ్యి రెట్లు తేడా.

మిల్లీ, మైక్రో, నానో అనగానే టెన్షన్ పడకు. తెలుగు మీడియంలో చదివిన నీకు లక్షలు, కోట్లు వచ్చు. మిల్లీ అంటే వెయ్యిలో ఒక వంతు, మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు, నానో అంటే వంద కోట్లలో ఒక వంతు. పక్కపక్క మెట్ల మధ్య ఎప్పుడూ వెయ్యే. చేతిరాతలో మాత్రం జాగ్రత్త. మైక్రోకు రాసే మ్యూ గుర్తు తోక సరిగా పడకపోతే మిల్లీ ఎమ్‌లా కనిపిస్తుంది. నేను లాగ్‌బుక్‌లో ఎప్పుడూ గుర్తు వెయ్యలేదు, మాట మొత్తం రాసేదాన్ని. రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇక నువ్వడిగిన మూడు కొలతల సంగతి. గ్రేకీ ర్యాడ్‌కీ మధ్య లెక్క సెంట్లు-ఎకరాల లెక్క లాంటిది. రెండూ ఒకే వస్తువును కొలుస్తాయి. రాంట్‌జెన్ అలా కాదు. 1928 నుంచి వాడుకలో ఉన్న ఆ కొలత, ఎక్స్‌రేలు గానీ గామా కిరణాలు గానీ గాలిలో ఎంత విద్యుదావేశం పుట్టించాయో చెప్తుంది. శరీరం ఎంత పీల్చుకుందో అది చెప్పదు. ఇది బస్తాలను కేజీలుగా మార్చడం లాంటిది. వడ్ల బస్తా అయితే 75 కేజీలు, అదే గోనెసంచి నిండా ఎండుమిర్చి పోస్తే అంత తూగదు. లోపల ఏముందో అడగకుండా బస్తాను కేజీల్లో చెప్పలేం. అలాగే ఒక రాంట్‌జెన్ పడిన చోట గాలి అయితే 8.77 మిల్లీగ్రే పీల్చుకుంటుంది. మెత్తటి కండ అయితే కొంచెం ఎక్కువ, దాదాపు తొమ్మిదిన్నర. ఎముక అయితే, ముఖ్యంగా మామూలు ఎక్స్‌రే యూనిట్‌లో వాడే తక్కువ శక్తి కిరణాల దగ్గర, ఇంకా చాలా ఎక్కువ.

సీవర్ట్ మరో మెట్టు పైన ఉంటుంది. 1979లో వచ్చిన ఈ కొలతలో పీల్చుకున్న డోస్‌తో పాటు అది ఏ రకం రేడియేషన్ వల్ల వచ్చిందో కూడా కలుస్తుంది. ఎక్స్‌రేలకు, గామాకు, బీటాకు గుణకం 1. ఆల్ఫాకు 20. నువ్వు ఉండే చోట కోబాల్ట్ గామా కిరణాలు, లినాక్ (కరెంటుతో కిరణాలు పుట్టించే చికిత్స యంత్రం) ఎక్స్‌రేలే కాబట్టి గంటకు 5 మైక్రోగ్రే అన్నా, 5 మైక్రోసీవర్ట్ అన్నా మన రక్షణ లెక్కలకు ఒకటే అంకె. అందుకే మూడూ ఒకటే అనిపిస్తుంది. రోగికి ఇచ్చే డోస్‌ను మాత్రం ఎప్పుడూ గ్రేలలోనో సెంటీగ్రేలలోనో రాయాలి. సీవర్ట్ అనేది మన ఒంటి మీద పడేదానికి, దాన్ని లెక్కగట్టడానికి మనం పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి రిపోర్ట్‌కు వాడే కొలత. చార్ట్ మీద సీవర్ట్ కనిపిస్తే అక్కడే ఆగి అడుగు.

మరి ఆ పాత మీటర్ చూపించిన మిల్లీరాంట్‌జెన్‌ని ఏం చెయ్యాలి? మన రక్షణ కోసం వేసే లెక్కలో పదితో గుణించి మైక్రోసీవర్ట్ అనుకోవడం వాడుకలో ఉన్న పద్ధతే. అసలు గాలి లెక్క 8.77 కాబట్టి పదితో గుణిస్తే ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువే అనుకుంటున్నాం, అంటే జాగ్రత్త వైపే తప్పుతున్నాం. కానీ ఆ 10ని రోగి డోస్ లెక్కలోకి తీసుకురాకూడదు. అక్కడ నూటికి పద్నాలుగు పాళ్ళ తేడాను ఎవరూ ఒప్పుకోరు.

గంటకు ఒక మిల్లీరాంట్‌జెన్ ఎక్కువా, తక్కువా? దీనికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. మన దేశంలో రేడియేషన్ పని చేసేవాళ్ళకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన హద్దు, అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్. ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. వారానికి 40 గంటలు, ఏడాదికి 50 వారాలు పని అంటే 2000 గంటలు. 20 మిల్లీసీవర్ట్‌ను 2000 గంటలకు పంచితే గంటకు 10 మైక్రోసీవర్ట్. అంటే దాదాపు ఒక మిల్లీరాంట్‌జెన్. నువ్వు రోజూ కూర్చునే చోట మీటర్ అంత చూపిస్తే మీ ఆర్‌ఎస్‌ఓకి (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి) చెప్పాల్సిందే. మెషిన్ తల పక్క నుంచి నడిచి వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం అంత చూపిస్తే కంగారు పడక్కర్లేదు. అదే అంకె, కానీ అక్కడ ఎంతసేపు ఉంటావన్నది వేరు. మీ హాస్టల్ మేడ మీద పెట్టినా మీటర్ సున్నా చూపించదు. మన దేశంలో చాలా చోట్ల గంటకు 0.1 మైక్రోసీవర్ట్ అటూ ఇటుగా ఉంటుంది. అది నేలలోంచి, ఆకాశంలోంచి వచ్చేది. ఏడాదికి 8760 గంటలు కాబట్టి గంటకు 0.1 మైక్రోసీవర్ట్ అంటే ఏడాదికి 0.88 మిల్లీసీవర్ట్. ఇదే 0.1 మైక్రోను 100 నానో అని రాసి, మీ మెషిన్ ఇచ్చే గంటకు 90 గ్రే పక్కన పెట్టి చూడు. దాదాపు 90 కోట్ల రెట్లు. అదీ రేడియేషన్, ఇదీ రేడియేషన్. అంత దూరంలో ఉన్న రెండు చివరల మధ్య రోజూ తిరిగేవాళ్ళం కాబట్టే మనకు ఇన్ని మెట్లు కావలసి వచ్చాయి.

మీటర్ విషయంలో నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇదే చెన్నైలో, కోబాల్ట్ మెషిన్ తలకు దగ్గరగా కొలిచి గంటకు 2 మిల్లీరాంట్‌జెన్ అని రాశాను. ముల్లు 2 మీదే ఉంది. కానీ నాబ్ పదింతల రేంజ్ మీద ఉంది. అసలు రీడింగ్ 20. మా సీనియర్ నా పుస్తకం చూసి కోప్పడలేదు. "ముల్లు రాశావు, నాబ్ ఎక్కడుందో రాయలేదే" అన్నారు. మళ్ళీ వెళ్ళి కొలిచాం. ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా ప్రతి రీడింగ్ పక్కన రేంజ్, దూరం, తేదీ రాశాను.

తేదీ ఎందుకని అడుగుతావేమో. కోబాల్ట్-60 తన బలంలో సగం కోల్పోవడానికి 5.27 ఏళ్ళు పడుతుంది. నెలకు సుమారు ఒక శాతం తగ్గుతూ ఉంటుంది. ఈ రోజు నిమిషానికి 150 సెంటీగ్రే ఇచ్చే మెషిన్ వచ్చే ఏడాది ఇదే రోజుకు 131 చుట్టూ ఇస్తుంది. అప్పుడు నీ 80 సెకన్లు 91 అవుతాయి. కాబట్టి తేదీ లేని డోస్ రేటును నమ్మకు. పరీక్ష పేపర్లో తేదీ ఇవ్వరు, డిపార్ట్‌మెంట్‌లో మాత్రం అది లేకుండా ఒక్క లెక్కా మొదలు కాదు. లినాక్ పోస్టింగ్‌కు వెళ్ళినప్పుడు అక్కడ మానిటర్ యూనిట్లు కనిపిస్తాయి. అవి నిమిషాలూ కావు, గ్రేలూ కావు. వాటి సంగతి ఇంకోసారి రాస్తాను.

ఈ కోర్సు నీ వల్ల అవుతుందా అని అడిగావు. అవుతుంది. ఏడవకుండా ఒక పని చెయ్యి. ఆ పేపర్ తీసుకుని, సార్ ఒంటరిగా ఉన్నప్పుడు స్టాఫ్ రూమ్‌కు వెళ్ళు. ఆ లెక్కను రెండు లైన్లలో మళ్ళీ చేసి చూపించు. 0.025 అన్నది సెకనుకు అని, 80 సెకన్లు 80 గంటలయ్యాయని నీ నోటితో నువ్వే చెప్పు. మార్కు వెయ్యమని అడగకు. ఆయన వింటారనే నా నమ్మకం. వినకపోయినా, నోటితో చెప్పిన లెక్కను నువ్వు మాత్రం మళ్ళీ మర్చిపోవు.

ఇంకో మాట. చెన్నై ఆస్పత్రులకు నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి ఎంతమంది వస్తారో నువ్వు చూస్తూనే ఉన్నావు. అరవం రాదు, ఇంగ్లీషు రాదు. ముసుగు బిగించి బల్ల మీద పడుకోబెట్టినప్పుడు వాళ్ళు అడిగేది ఒక్కటే, "ఎంతసేపమ్మా?" అని. ఆ గదిలో వాళ్ళకు తెలుగులో జవాబు చెప్పగలిగేది చాలాసార్లు నువ్వొక్కదానివే అయి ఉంటావు. అప్పుడు చార్ట్ చూసి, ఆ రోజు డోస్ రేటు చూసి, మనసులో లెక్క వేసుకుని, "ఒకటిన్నర నిమిషం పెద్దమ్మా, కదలకుండా పడుకోండి, నేను బయట టీవీలో మిమ్మల్నే చూస్తుంటాను" అని చెప్పు.